తొమ్మిదేళ్ల బాబుకి సాకర్: పెద్ద క్లబ్బులో మూడో టీమా, ఇంటి దగ్గర క్లబ్బులో మొదటి టీమా?

నమస్తే అండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారు. బాబు 2016 అక్టోబర్‌లో పుట్టాడు, రెండేళ్లుగా రెక్ లీగ్‌లో (అందరినీ చేర్చుకుని సరదాగా ఆడించే లీగ్) ఆడుతున్నాడు, గోల్స్ బాగా కొడుతున్నాడు. వచ్చే సీజన్‌కి రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి పెద్ద పేరున్న క్లబ్బు, ఇంటి నుంచి 40 నిమిషాలు, అందులో మూడో టీం, అంటే ఆట స్థాయిలో మూడో మెట్టు. రెండోది పది నిమిషాల దూరంలో ఉన్న చిన్న క్లబ్బు, అక్కడ మొదటి టీం. మీ వారు పెద్ద క్లబ్బు వైపు మొగ్గుతున్నారు, మీకు మనసొప్పడం లేదు. ఆరేళ్ల పాపని కూడా ఇప్పుడే క్లబ్బులో వేయాలా అని చివర్లో అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇంటి దగ్గరి క్లబ్బులో మీ బాబు టీంకి వచ్చే కోచ్ మంచివాడని మీకు నమ్మకం కుదిరితే, రెండో ఆలోచన లేకుండా అక్కడే చేర్చండి. పాపని ఇంకో రెండేళ్లు రెక్‌లోనే ఉంచండి. పెద్ద క్లబ్బులు పనికిరావని నా ఉద్దేశం కాదు. ఈ వయసులో పిల్లాడికి క్లబ్బంటే ఒక్క కోచే. వారానికి రెండు రోజులు, గంటన్నర చొప్పున వాడి ఎదురుగా నిలబడేది ఆ మనిషి. ఆ క్లబ్బు నుంచి ఎంతమంది ప్రొఫెషనల్స్ అయ్యారో, వెబ్‌సైట్‌లో ఎన్ని కప్పుల ఫోటోలున్నాయో ఆ గంటన్నరలో ఎవరికీ గుర్తుకు రావు.

నేనేమీ ఆటగాణ్ణి కాదు. చిన్నప్పుడు గల్లీ క్రికెట్ తప్ప ఇంకేదీ ఆడలేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో నలభై దగ్గర పడ్డాక తెలిసింది. పెద్దవాడి రెక్ టీంకి కోచ్ దొరక్కపోతే మెయిల్‌కి "సరే" అని జవాబిచ్చిన పాపానికి ఈ రొంపిలో దిగాను. ఐదు సీజన్లు రెక్ కోచ్‌గా చేశాను, గ్రాస్‌రూట్స్ అనే తొలిమెట్టు కోచింగ్ కోర్సులు, తర్వాత వాటి పై మెట్టు డి లైసెన్సు చేశాను, నాలుగేళ్లు క్లబ్బు టీంకి మేనేజర్‌గా ఉన్నాను. అంటే ఫీజుల ఎక్సెల్ షీట్లూ, అలిగిన తల్లిదండ్రుల ఫోన్లూ నావే. అబ్బాయికి ఇప్పుడు 16, అమ్మాయికి 12.

ఇప్పుడు మీ వారు అనుకుంటున్నట్టే అప్పట్లో నేనూ అనుకున్నాను. మా వాడికి తొమ్మిదేళ్లప్పుడు పెద్ద క్లబ్బు మూడో టీంలో చోటిచ్చింది. "ముందు లోపలికి వెళ్తే చాలు, మెల్లగా పైకెక్కుతాడు" అని మా ఆవిణ్ణి ఒప్పించాను. అది ఇంజినీరింగ్ కాలేజీలో సీటు సంపాదించి తర్వాత బ్రాంచి మార్చుకునే లెక్క. మనవాళ్ల బుర్ర అలాగే పనిచేస్తుంది మరి.

మంగళ, గురువారాలు అయిదింటికి బయలుదేరేవాళ్లం. టోల్‌వే మీద ఆ వేళకి ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. రాత్రి తొమ్మిది దాటాక ఇంటికి. వాడి భోజనం వెనక సీట్లో, ఫాయిల్‌లో చుట్టిన చపాతీ. హోంవర్కూ అక్కడే, లోపలి లైటు వేసుకుని. ఆగస్టులో మాకు పరిచయం చేసిన కోచ్ నవంబర్‌కల్లా వెళ్లిపోయాడు. అతని స్థానంలో వచ్చినాయనకి అప్పటికే రెండు టీంలున్నాయి. సీజన్ అయిపోయేదాకా మా వాడి పేరు సరిగ్గా పలకలేకపోయాడు, తప్పు పట్టను, పన్నెండక్షరాల పేరు పెట్టింది మేమే.

ఆ ఏడాది వసంతంలో మా నాన్న వచ్చారు. ఆయన సికింద్రాబాద్‌లో పెరిగినవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం అని ఎవరు దొరికితే వాళ్లకి చెప్తారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం కథ కూడా దాని వెనకే వస్తుంది. ఒక శనివారం మడత కుర్చీలో కూర్చుని మ్యాచ్ మొత్తం చూసి, "వీడు బంతి దగ్గరికే పోవట్లేదేంట్రా?" అన్నారు. వాడి పొజిషన్ అది నాన్నా అన్నాను. "పొజిషన్ కాదు, భయం. తప్పు కొడితే బయట కూర్చోబెడతారని దూరంగా తిరుగుతున్నాడు" అన్నారు. నేను ఏడు నెలల్లో చూడనిది ఆయన యాభై నిమిషాల్లో చూశారు. ఆ తర్వాతే నాకు తట్టింది, మంగళవారం మధ్యాహ్నాల్లో వాడికి వచ్చే కడుపునొప్పి బుధవారం ఎందుకు రాదో.

మే నెలలో మాన్పించి దగ్గర్లోని చిన్న క్లబ్బులో వేశాం. ఇప్పుడు హైస్కూల్ జూనియర్ టీంలో ఆడుతున్నాడు. స్టారేమీ కాదు, ఆట మాత్రం వదల్లేదు.

ఇక దీని వెనకున్న లెక్క చెప్తాను. మీ బాబు వయసులో ఏడుగురు ఏడుగురు చొప్పున ఆడతారు, 25 నిమిషాలవి రెండు భాగాలు. టీంలో 12 మంది దాకా పిల్లల్ని తీసుకోవచ్చు. 12 మందినీ సమానంగా ఆడిస్తే ఒక్కొక్కరికి వచ్చేది 29 నిమిషాలు. అదే 9 మంది ఉన్న టీంలో దాదాపు 39 నిమిషాలు. అదీ సమానంగా ఆడిస్తేనే. ఏవైఎస్ఓ లాంటి రెక్ సంస్థల్లో ప్రతి పిల్లాడూ కనీసం సగం ఆట ఆడాలన్న నియమం ఉంది. కాంపిటీటివ్ క్లబ్బుల్లో చాలా చోట్ల అలాంటి హామీ ఉండదు. మా వాడికి ఒక్కోసారి 15 నిమిషాలు దక్కేవి. పోనూ రానూ గంటన్నర డ్రైవు, 15 నిమిషాల ఆట. కాబట్టి రెండు క్లబ్బుల్నీ "టీంలో ఎంతమందిని తీసుకుంటున్నారు? ఈ వయసులో ఆట సమయం ఎలా పంచుతారు?" అని సూటిగా అడగండి. "కష్టపడి సంపాదించుకోవాలి" అని జవాబొస్తే, తొమ్మిదేళ్ల పిల్లాడి విషయంలో దాని అర్థం కోచ్‌కి గెలుపు కావాలి అనే.

కోచ్ మంచివాడో కాదో ఎలా తెలుస్తుంది? వెళ్లి ప్రాక్టీస్ చూడాలి. మ్యాచ్ కాదు, ప్రాక్టీస్. అదీ మీ బాబుని తీసుకోబోయే కోచ్‌ది, ఈ వయసు పిల్లలతో చేసేది. క్లబ్బు డైరెక్టర్ తన 15 ఏళ్ల టీంతో చేసే ప్రాక్టీస్ చూపిస్తే లాభం లేదు.

నేను చూసేది ఇదీ. ఒక పిల్లాణ్ణి ఎంచుకుంటాను, బాగా ఆడేవాణ్ణి కాదు, మధ్యస్థంగా ఉన్నవాణ్ణి. పదిహేను నిమిషాలు వాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెడతాను. ఒక చోట పిల్లలు రెండు వరసల్లో నిలబడ్డారు, ముందున్నవాడు నాలుగు కోన్ల మధ్య తీసుకెళ్లి షాట్ కొట్టి వరస వెనక్కి వెళ్తాడు. నేను ఎంచుకున్న పిల్లాడికి పదిహేను నిమిషాల్లో వచ్చిన వంతులు ఐదు. మిగతా సమయమంతా ముందువాడి షిన్‌గార్డు మీద తన్నడం, గడ్డి పీకడం. ఇంకో రోజు ఇంకో చోట, ప్రతి పిల్లాడి దగ్గరా బంతి ఉంది. తర్వాత నలుగురు బయట, ఒకడు మధ్యలో. ఆ తర్వాత ముగ్గురు ముగ్గురు చొప్పున చిన్న గోల్స్‌తో ఆట. అరవై దాకా లెక్కపెట్టి వదిలేశాను. రెండో చోట టర్ఫ్ లేదు, ఫ్లడ్‌లైట్లు సగం వెలగవు, మైదానంలో ఒక మూల ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి. మా అమ్మాయిని అక్కడే వేశాం.

ఇంకా కొన్ని గమనించండి. పిల్లాడు తప్పు పాస్ ఇచ్చినప్పుడు వాడి కళ్లు ఎటు పోతున్నాయో చూడండి. బంతి వెంట పోతే సరే. కోచ్ మొహం వైపు పోతే అక్కడ ఏదో ఉంది. కోచ్ ఎక్కువ మాట్లాడుతున్నాడా, ఎక్కువ ఆడిస్తున్నాడా? ఒకణ్ణి ఆపి చెప్పేటప్పుడు మిగతా పదిమంది నిలబడిపోతున్నారా?

వీలైతే ఆ కోచ్ టీం మ్యాచ్ కూడా ఒకటి చూడండి. ఈ వయసు ఆటలో బిల్డ్ అవుట్ లైన్ అని ఒకటుంటుంది. గోల్‌కీపర్ చేతికి బంతి చిక్కగానే అవతలి టీం ఆ గీత వెనక్కి వెళ్లాలి, కీపర్ బంతిని గాల్లోకి తన్నకూడదు. పిల్లలు వెనక నుంచి నెమ్మదిగా పాస్‌లతో ముందుకు రావడం నేర్చుకోవాలని పెట్టిన నియమం. కీపర్ పక్కనున్న డిఫెండర్‌కి ఇస్తే, ఆ పిల్లాడు తడబడి పోగొట్టుకుని గోల్ పడినా కోచ్ "పర్వాలేదు, మళ్లీ అలాగే ఆడు" అన్నాడా? అలాంటి కోచ్ దొరికితే వదలకండి. కీపర్ విసరగానే డిఫెండర్ కళ్లు మూసుకుని ఎదుటి గోల్ వైపు బాదేస్తుంటే, ఆ టీం ఇప్పుడు కప్పులు గెలవచ్చు, పదమూడేళ్లకి ఆ పిల్లలకి బంతి కాలి కింద ఉంచుకోవడం రాదు. మీ బాబు గోల్స్ బాగా కొడతాడన్నారు కదా, ఒక మాట అడగాలి: పరుగు వల్లా, నైపుణ్యం వల్లా? రెక్‌లో కాస్త వేగంగా పరిగెత్తే పిల్లాడు గోల్స్ కొట్టేస్తాడు. అలాంటివాణ్ణి ఎప్పుడూ ముందే నిలబెట్టే కోచ్ వాణ్ణి పాడుచేస్తాడు. ఈ వయసులో అన్ని చోట్లా ఆడించేవాడు కావాలి, అప్పుడప్పుడు గోల్‌కీపర్‌గా కూడా.

మీ బాబు పుట్టినరోజు అక్టోబర్ కాబట్టి ఇది మీకు ముఖ్యం. 2026-27 సీజన్ నుంచి వయసు లెక్క మారుతోంది. ఇన్నాళ్లూ జనవరి నుంచి డిసెంబర్ దాకా ఒకే సంవత్సరంలో పుట్టినవాళ్లు ఒక గుంపు. ఇకపై యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్ఓ లీగ్‌లలో ఆగస్టు 1 నుంచి మరుసటి జులై 31 దాకా ఒక గుంపు. అంటే పాత లెక్కలో మీ బాబు తన గుంపులో చిన్నవాళ్లలో ఒకడు, వచ్చే సీజన్‌లో అండర్-11కి వెళ్లి తొమ్మిదిమంది ఆట ఆడాల్సినవాడు. కొత్త లెక్కలో ఇంకో ఏడాది అండర్-10లోనే, ఏడుగురి ఆటే, పైగా గుంపులో పెద్దవాళ్లలో ఒకడు. ఇది చిన్న తేడా కాదు. పదేళ్ల లోపు ఎనిమిది నెలల తేడా అంటే ఎత్తులో, బలంలో, పరుగులో కనిపించే తేడా. కోచ్‌లు "టాలెంట్" అనుకునేదాంట్లో కొంత భాగం పుట్టిన నెలే. మీకు వచ్చిన పిలుపు ఏ వయసు గుంపుకో, పాత లెక్క ప్రకారమా కొత్త లెక్క ప్రకారమా అని రెండు చోట్లా మెయిల్‌లో రాయించుకోండి. ఈ మార్పుతో చాలా టీంలు కలిసి విడిపోతాయి. ఈ రోజు మూడో టీం అన్నది ఆగస్టుకి ఇంకేదో కావచ్చు, మొదటి టీం కూడా అంతే.

పెద్ద క్లబ్బువాళ్లు మీతో ఎమ్మెల్లెస్ నెక్స్ట్, ఈసీఎన్ఎల్ అని కొన్ని పేర్లు అని ఉంటారు. అవి దేశంలో పై స్థాయి యూత్ లీగ్‌లు, నిజమే. కానీ రెండూ మొదలయ్యేది అండర్-13 నుంచి. తొమ్మిదేళ్ల పిల్లాడికి "పాత్‌వే" అని చూపించేది ఇంకా వేయని రోడ్డు. పన్నెండేళ్లకి మళ్లీ ట్రైఅవుట్లే (టీంకి ఎంపిక పరీక్షలు), అప్పటికి బయటి నుంచి వచ్చే పిల్లలతో సమానంగా నిలబడాల్సిందే. ఆ క్లబ్బు మూడో టీంలో మూడేళ్లు ఉన్నాడన్న కారణంతో ఎవరికైనా మొదటి టీంలో సీటిచ్చారని నేనైతే వినలేదు. నా అనుభవంలో ఇంకో మాట, కొందరికి కోపం రావచ్చు: పెద్ద క్లబ్బుల్లో మొదటి టీం పిల్లల ప్రయాణాలకీ మంచి కోచ్‌ల జీతాలకీ కింది టీంల ఫీజులే ఆసరా. మూడో టీం తల్లిదండ్రులు అంతే ఫీజు కట్టి, మిగిలిన కోచ్‌నీ, మిగిలిన మైదానాన్నీ తీసుకుంటారు. అందరూ అలా చేయరు. చేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: పోయినేడాది మూడో టీం నుంచి రెండో టీంకి ఎంతమంది పిల్లలు మారారు?

ఇక్కడి ప్రొఫెషనల్ జట్టు ఎఫ్‌సీ డాలస్ నడిపే అకాడమీ సంగతి వేరు. అది మన ఊళ్లోనే ఉంది కాబట్టి అందరికీ ఆశ. అమెరికా జాతీయ జట్టుకి ఆడిన వెస్టన్ మెకెన్నీ లాంటివాళ్లు పైకి వచ్చింది అక్కడి నుంచే. పిల్లాడిలో నిజంగా అంత ఉంటే వాళ్ల స్కౌట్లే చిన్న క్లబ్బు మ్యాచ్‌కైనా వచ్చి చూస్తారు. మీరు ఇప్పుడే దానికోసం దారులు వెతకక్కర్లేదు.

డబ్బు విషయం. ఖర్చు ఇబ్బంది కాదన్నారు, సంతోషం. అయినా మొత్తం ఎంతో తెలిసి కట్టండి. నేను మేనేజర్‌గా ఉన్న చివరి ఏడాది మా టీంలో ఒక్కో పిల్లాడికి క్లబ్బు ఫీజు 2,200 డాలర్లు. దాని మీద యూనిఫాం కిట్టు 350 దాకా, టోర్నమెంట్లకి టీం ఖాతాలో ఇంకో 400, చలికాలం ఇండోర్ వేరే. ఊరి బయట టోర్నమెంట్ అంటే హోటల్. కొన్ని టోర్నమెంట్లలో వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలి. చివరికి మూడున్నర వేలు దాటింది, అదీ ఓ మాదిరి క్లబ్బులో. "ఫీజు ఎంత?" అని అడిగితే మొదటి అంకె ఒక్కటే చెప్తారు. "పోయినేడాది ఈ వయసు టీంలో ఒక కుటుంబానికి మొత్తం ఎంతైంది?" అని టీం మేనేజర్‌ని అడగండి, కోచ్‌ని కాదు. మేనేజర్ మనలాంటి తల్లో తండ్రో అయి ఉంటారు, ఉన్నదున్నట్టు చెప్తారు. ఒకసారి సంతకం పెడితే సాధారణంగా ఏడాదికి కట్టుబడినట్టే. మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి వస్తుందా, వేరే క్లబ్బుకి వెళ్లనిస్తారా, ఆ రెండూ కాగితం మీద చదవండి.

కాలేజీ స్కాలర్‌షిప్ ఆలోచన ఎక్కడో మనసులో ఉంటే, మనవాళ్లలో చాలామందికి ఉంటుంది, ఇప్పుడే తీసేయండి. హైస్కూల్లో సాకర్ ఆడేవాళ్లలో కాలేజీ స్థాయిలో ఆడేవాళ్లు నూటికి పదిమంది కూడా ఉండరు, వాళ్లలోనూ పూర్తి స్కాలర్‌షిప్ దొరికేది కొద్దిమందికే. కాలేజీ ఆటల్లో మూడో శ్రేణి అయిన డివిజన్ 3 కాలేజీల్లో ఆటకి స్కాలర్‌షిప్పే లేదు. ఐవీ లీగ్‌లోనూ లేదు. డబ్బు కోసమే అయితే ఆ మూడున్నర వేలు కాలేజీ చదువుకి దాచుకునే 529 ఖాతాలో వేసుకోవడం మేలు.

మనవాళ్లకే వచ్చే చిక్కు ఒకటుంది. ట్రైఅవుట్లు ఇక్కడ స్కూళ్లు మూసే రోజుల్లోనే, మే, జూన్‌లలో పెడతారు. మనం ఇండియా టికెట్లు కొనేదీ అప్పటికే. మా అమ్మాయి విషయంలో ఒకసారి అలాగే ఇరుక్కున్నాం. క్లబ్బుకి ముందే మెయిల్ రాసి "జూన్‌లో ఊళ్లో ఉండం, ఏప్రిల్‌లో ఒక వారం మీ టీంతో ప్రాక్టీస్ చేయనిస్తారా?" అని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. నన్నడిగితే గంటన్నర ట్రైఅవుట్ కంటే అదే మంచి పద్ధతి, వాళ్లు మనల్ని చూస్తారు, మనం వాళ్లని చూస్తాం. ట్రైఅవుట్ అయిన రాత్రే మెయిల్ పంపి "24 గంటల్లో ఒప్పుకోకపోతే సీటు పోతుంది" అంటారు. నిజంగా పిల్లాడు కావాలనుకున్న కోచ్ ఫోన్ చేస్తే ఇంకో రెండు రోజులు ఆగుతాడు. మూడో టీంలో అయితే సీట్లు ఆగస్టు దాకా ఉంటాయి, టెన్షన్ పడకండి.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. పిల్లలతో పనిచేసే కోచ్‌లకి బ్యాక్‌గ్రౌండ్ చెక్, సేఫ్‌స్పోర్ట్ శిక్షణ (పిల్లలపై వేధింపులు జరక్కుండా చూసేది) ఉండాలి. కోచ్ పిల్లాడికి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, తల్లిదండ్రులు అందులో ఉండాలి. ఎవరికీ కనపడని చోట ఒక్క పెద్దమనిషి, ఒక్క పిల్లాడు ఉండే ఏర్పాటు ఏదీ ఉండకూడదు. అడిగితే చిన్నబుచ్చుకునే క్లబ్బు అయితే అక్కడితో మాట ముగించండి. పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకి తలతో కొట్టే హెడర్ ఆటలో గానీ ప్రాక్టీస్‌లో గానీ లేదు. ఇది 2015 చివర్లో అమెరికా సాకర్ సమాఖ్య యూఎస్ సాకర్ పెట్టిన నియమం. మీ బాబు వయసువాళ్లతో హెడర్లు ప్రాక్టీస్ చేయిస్తున్న కోచ్ కనిపిస్తే అతనికి నియమాలు తెలియవు, లేదా లెక్కలేదు. రెండూ ఒకటే. ఉరుము వినపడితే మైదానం ఖాళీ చేయాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. మన టెక్సస్ ఏప్రిల్ వానల్లో ఇది వారం వారం పరీక్షకి వస్తుంది. మీరు ప్రాక్టీస్ చూడ్డానికి వెళ్లిన రోజే మబ్బు పడితే మీ అదృష్టం, కోచ్ ఏం చేస్తాడో ఉచితంగా చూడొచ్చు.

ఏడాది పొడవునా సాకరే ఆడాలంటే ఒప్పుకోకండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా ప్రకారం వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఒకే ఆట ఆడే పిల్లలకి ఏడాదిలో మొత్తం మూడు నెలల విరామం ఉండాలి, ఒక్క ఆటకే పరిమితం కావడం 15, 16 ఏళ్ల దాకా ఆగాలి. ఈత, బాస్కెట్‌బాల్, మన క్రికెట్ ఏదైనా సరే. "జులైలో మేం ఇండియా వెళ్తాం, ఆరు వారాలు బంతి ముట్టడు" అంటే కోచ్ మొహం ఎలా పెట్టాడో అదీ ఒక సమాచారమే.

శని, ఆదివారాల సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మా అమ్మాయికి ఆదివారం పొద్దున మనబడి (తెలుగు నేర్పే తరగతులు), మధ్యాహ్నం మ్యాచ్. ఒక సీజన్‌లో నాలుగు తరగతులు పోయాయి. క్లబ్బు మ్యాచ్‌లు ఏ రోజో ముందే అడిగితే కొంత నయం. ఒకే వీధిలో ఉన్న మరో కుటుంబంతో కార్‌పూల్ కుదిరితే సగం బరువు దిగుతుంది. దగ్గరి క్లబ్బుకే ఇది కుదురుతుంది, 40 నిమిషాల దూరానికి కుదరదు. బాబు స్కూల్లో కలిసి చదివే పిల్లలు ఆ టీంలో ఉంటే ప్రాక్టీస్ లేని రోజు కూడా వీధిలో బంతి తన్నుకుంటారు. ఆ ఆట ఏ ఫీజూ లేకుండా ఎంత నేర్పుతుందో నేను కళ్లారా చూశాను.

మరి పెద్ద క్లబ్బు ఎప్పుడు సరైనది? పిల్లాడికి 12, 13 వచ్చి, వాడే "ఇక్కడ నాకు సరిపోవట్లేదు" అని అంటే. ఇప్పుడున్న టీంలో వాడికి పోటీ ఇచ్చేవాళ్లు లేకపోతే. పిలిచింది మూడో టీంకే అయినా దానికి వచ్చే కోచ్ అందరికంటే మంచివాడైతే, ఇది అప్పుడప్పుడు జరుగుతుంది, అప్పుడు నా మాట పక్కన పెట్టేయండి. అప్పుడైనా ఒకటి గుర్తుంచుకోండి, ఎమ్మెల్లెస్ నెక్స్ట్ పై డివిజన్‌లో ఆడేవాళ్లకి సాధారణంగా హైస్కూల్ టీంలో ఆడటం కుదరదు. మా వాడికి స్నేహితులందరూ స్కూల్ టీంలోనే ఉన్నారు. అది వదులుకోమంటే ఏడ్చేవాడు.

పాప సంగతి: ఆరేళ్లకి నలుగురు నలుగురి ఆట, గోల్‌కీపర్ ఉండడు, మూడో నంబర్ బంతి. దానికి క్లబ్బు అక్కర్లేదు, వందా రెండొందల డాలర్ల రెక్ చాలు. మీరే కోచ్‌గా చేరితే ఇంకా మంచిది, నిజంగానే చెప్తున్నాను, ఆ వయసులో కోచ్‌కి కావలసింది షూ లేసులు కట్టే ఓపిక. ఎనిమిదేళ్లప్పుడు వేరే క్లబ్బు చూడాలంటే అక్కడ ఆడ కోచ్‌లు ఎంతమంది ఉన్నారో చూడండి. పన్నెండు దాటాక మోకాలి లిగమెంటు గాయాలు ఆడపిల్లల్లో ఎక్కువ కాబట్టి, ప్రాక్టీస్‌కి ముందు ఫిఫా 11 ప్లస్ లాంటి వార్మప్ చేయిస్తారా అని కూడా అడగాలి. "ఆడపిల్లకి సాకరెందుకు" అని ఊరి నుంచి ఎవరైనా అంటే, నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడుతోందని చెప్పండి. మా అత్తగారి దగ్గర నాకు పనిచేసింది.

మీ వారితో వాదన వద్దు. ఇద్దరూ కలిసి ఒక మంగళవారం ఆ క్లబ్బుకి, గురువారం ఈ క్లబ్బుకి వెళ్లి చెరో పిల్లాణ్ణి పట్టుకుని బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. పెద్ద క్లబ్బుకి వెళ్లేటప్పుడు బాబుని కూడా తీసుకెళ్లి, అయిదున్నర ట్రాఫిక్‌లోనే వెళ్లండి, శనివారం ఖాళీ రోడ్డు మీద కాదు. తిరిగొచ్చేటప్పుడు కారులో వాణ్ణి ఏమీ అడగకండి, వాడే ఏదో ఒకటి అంటాడు. మడత కుర్చీలు తీసుకెళ్లండి, ఆ ప్రాక్టీస్ మైదానాల్లో కూర్చోవడానికి ఏమీ ఉండదు.